నాయన చూసిన శని

మార్కాపురంలో మేం నలుగురు స్నేహితులం కలిసి ఒక టెలిస్కోపు కొన్నాం. కొన్ని ఆదివారాలు పొద్దుగూకాక కాలేజీ మైదానంలో దాన్ని నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆకాశం చూపిస్తాం. మొదటిసారే తెలివితక్కువ పని చేశాం. ‘శని గ్రహాన్ని కళ్లారా చూడండి’ అని పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ కట్టించాం. మన ఊళ్లో పనిగట్టుకుని శని మొహం చూడటానికి ఎవరొస్తారు? కూరగాయలమ్మే ఒకామె ఫ్లెక్సీ చదివి, "మా ఇంట్లో ఉండే శని చాలడా అన్నా, ఇంకోణ్ణి చూసేదానికి రావాల్నా?" అంది. పిట్ట కూడా రాలేదు. తర్వాత చంద్రుడి పేరు వేస్తే జనం వరస కట్టారు.

శనిని చూడటానికి ఊరు రాకపోయినా నాకు ఫరవాలేదు, నాయన వస్తే చాలనుకునేవాణ్ణి. బట్టల దుకాణంలో కూర్చుని జీవితమంతా శనికి భయపడిన మనిషి. ఏలినాటి శని నడుస్తోందని కట్టుకోవాల్సిన ఇల్లు కూడా మొదలుపెట్టలేదు. ఆ భయం ఒక్క చూపుతో పోగొట్టాలని నా పంతం. అమ్మ వద్దంటూనే ఉంది. నేను పిలవగా పిలవగా ఒక ఆదివారం దుకాణం తొందరగా మూసి వచ్చాడు.

టెలిస్కోపుకు కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు. "ఏందిరా, ఇంత ముద్దుగున్నాడు! నడుముకు వడ్డాణం పెట్టినట్టుంది. ఈయనకా మనం ఇన్నేండ్లు భయపడింది?" అన్నాడు. మళ్లీ వరసలో నిలబడి మళ్లీ చూశాడు. ఆ సాయంత్రం నా గర్వం ఇంతా అంతా కాదు.

కార్తీకం దాటకముందే నాయనకు పక్షవాతం వచ్చింది. బీపీ మాత్రలు మానేశాడని డాక్టరు చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒంగోలు ఆసుపత్రి వరండాలో అమ్మ నన్ను పట్టుకుని, "చూడొద్దు చూడొద్దంటే పిలిచి మరీ చూపించినావు. ఇప్పుడు చల్లగుందా నీ కడుపు?" అంది. పెదనాయన ఆ గొట్టాన్ని పగలగొట్టమన్నాడు. ఇంజనీరింగు చదివిన మా బావ కూడా అవునన్నట్టు తల ఊపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను. చూసినవాడు నాయన, ఆయనకు మాట వస్తే ఆయనే వీళ్లకు చెబుతాడని నా ధైర్యం.

మాట వచ్చింది, ముద్దముద్దగా. మంచం పక్కన కూర్చుంటే బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు నన్ను పిలవకుండా ఉంటే బాగుండురా" అన్నాడు.