బాపు మీద పడ్డ మాట

మా ఊరికి గోదావరే సరిహద్దు. అవతలి ఒడ్డు వేరే రాష్ట్రం. మా బాపు పడవ నడిపేవాడు. పోలీసులు దాటించమంటే దాటించాడు, అడవిలోంచి అన్నలు వచ్చి అడిగినా దాటించాడు. తుపాకి పట్టుకున్నవాళ్లకు కాదని చెప్పే వీలు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం అన్నలు ఆయన్ని రేవులోనే కాల్చేశారు. ఇన్ఫార్మర్ అని రాసిన కాగితం పక్కన పడేసి పోయారు.

భయంతో ఊళ్లో ఎవరూ దగ్గరికి రాలేదు. అమ్మా, మా మేనమామా కలిసి ఆయన్ని ఎడ్లబండి మీద కాటికి తీసుకెళ్లారు. బడిలో నా పక్కన కూచునే పిల్ల వేరే బల్లకు మారింది. మాది ఇన్ఫార్మర్ ఇల్లయింది. పుట్టింటికి వచ్చెయ్యమని చుట్టాలు ఎంత చెప్పినా అమ్మ కదల్లేదు. "నేను పోతె గా మాట నిజమైతది" అనేది.

ఇప్పుడు నేను మానుకోటలో టీచర్ని. నిరుడు సెలవులకు ఊరెళ్లినప్పుడు అమ్మ నన్ను వెంటబెట్టుకొని గ్రామసభకు పోయింది. ఆనాటి దళంలో పనిచేసి, తర్వాత లొంగిపోయి, ఊళ్లోనే మిర్చి పండించుకుంటున్న ఒకాయన అక్కడున్నాడు. మంచినీళ్ల సంగతి అయిపోగానే అమ్మ లేచి సూటిగా ఆయన్నే అడిగింది.

"నా పెనిమిటి ఇన్ఫార్మరా? నువ్వు జెప్పు."

సర్పంచ్ కంగారుపడ్డాడు. "అక్కా, గవన్ని ఇప్పుడెందుకే? ఊరు నిమ్మలంగున్నది గదా."

"ఊరు నిమ్మలంగున్నది. నేను లేను."

ఆ మిర్చి రైతు తల దించుకున్నాడు. "తప్పయింది వదినె."

"గది నేనడగలే. అడిగినదానికి జెప్పు."

ఆయన గోడ పట్టుకొని లేచాడు. "కాదు. అన్న ఎవ్వలకేం జెప్పలే. ఎవడో జెప్తె నమ్మినం. అన్నను ఒక్క మాట అడగకుంటనే జేసినం."

"గిది రాయి సారూ," అంది అమ్మ, పంచాయతీ కార్యదర్శితో. ఇట్లాంటివి రాయకూడదేమోనని ఆయన నసిగాడు. అమ్మ కూచోలేదు. ఆనాడు మా బండి వెనక నడవని ఆడవాళ్లే ఒక్కొక్కరూ లేచి నిలబడ్డారు. "రాయి సారూ" అన్నారు. రాశాడు. అమ్మ నాచేత రెండుసార్లు పైకి చదివించింది.

బయట ఆ మిర్చి రైతు మా వెనకే వచ్చాడు. "వదినె, మాఫ్ జెయ్యి."

"చెయ్య," అంది అమ్మ. "ఎవలన్న అడిగితె మళ్ల గిట్లనే జెప్పు. గంతే."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం కొంగు నడుముకు దోపుకొని రోడ్డు నడిమధ్యన నడిచింది. ఎదురొచ్చినవాళ్లే పక్కకు జరిగారు.