కప్పు కూలిన రోజు

నేను బొగ్గు గనిలో సర్దార్‌ని, అంటే జట్టు భద్రత చూసే పెద్దని. పని మొదలయ్యే ముందు ఒక్కడినే లోపలికి వెళ్ళి, కర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడును బట్టి కప్పు గట్టిదని తేల్చుకున్నాకే మనుషులను పిలవాలి.

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం, నస్పూర్‌లోని మా చర్చి పాస్టరుగారు నన్ను సంఘ పెద్దగా ఉండమన్నారు.

"నలుగురి ముంగట మాట్లాడ రాదు నాకు, అయ్యగారూ" అని తప్పించుకున్నాను.

మర్నాడు గనిలో పని నడుస్తుండగా ఎందుకో అనుమానమొచ్చి మళ్ళీ కప్పును కొట్టాను. డొల్ల చప్పుడు!

"ఉరుకుండ్రి!" అని అరిచాను. దారి ఇరుకు. నేను పక్కకు ఒదిగి, ఒక్కొక్కరినీ ముందుకు తోశాను. చివరివాడి వెనక నేను బయటపడ్డానో లేదో, కప్పు కూలింది. ఆ దుమ్ములో మా టోపీల మీది దీపాలు కూడా కనిపించలేదు.

మా జట్టులోని రాజన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వెందుకు ముంగట ఉరకలే, సర్దారన్నా?"

"లోపటికి ముంగట నేను పోవాలె, బయటికి ఆఖర్ల నేను రావాలె. పెద్దోని పని గదే కదా!"

ఆ మాట అన్నాకే నాకు తెలిసింది. అయ్యగారికి నేను ఇవ్వాల్సిన జవాబును దేవుడు నా నోటితోనే చెప్పించాడు.

సంఘ పెద్దనయ్యాను. ప్రసంగం ఇప్పటికీ రాదు. ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళి చర్చి ఊడుస్తాను. అందరూ వెళ్ళాక తాళం వేస్తాను.