వంటింట్లో ఎర్ర లైటు

పెళ్ళయిన కొత్తలో నా భార్య పాటలు చూసేది. చిన్నతనంలో వచ్చిన విషజ్వరానికి ఆమె చెవులు పోయాయి. అప్పటికే వచ్చిన మాటలు నిలిచాయి కాబట్టి మాట్లాడేది. ఎదుటి మనిషి పెదాలు చూసి ఏమంటున్నారో అర్థం చేసుకునేది. నాది గురజాలలో మైకు సెట్ల పని. పెళ్ళిళ్ళకీ సభలకీ మైకులు కట్టడం, పాడైన రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచెయ్యడం, శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళలో నిలబెట్టే ఎత్తయిన ప్రభలకి లైట్లు కట్టడం నా బతుకుతెరువు. ఎప్పుడైనా ఇంటి దగ్గర యాంప్లిఫయరు బాగుచేసి పాట పెట్టి చూస్తుంటే, ఆమె చేస్తున్న పని ఆపి వచ్చి దాని ముందు కూర్చునేది. ఆ డబ్బాకి ఒక చిన్న ఎర్ర లైటు ఉండేది. గొంతు లేచినప్పుడు అది పెద్దగా వెలిగేది, తగ్గినప్పుడు నీరసపడేది. ఆమె దాన్నే చూస్తూ తల ఊపేది.

"ఇది ఏడుపు పాటేగా?" అని ఒకసారి అడిగింది.

నిజంగానే ఏడుపు పాట. ఎట్లా తెలిసిందంటే, "లాగి లాగి ఎలుగుతుంది" అంది.

నేను నవ్వాను. దాన్ని ఒక ముచ్చటగా నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఆమె ఏం చూస్తోందో నేను కూర్చుని చూడలేదు. నా జీవితంలో చాలా తప్పులు ఇట్లా నవ్వి ఊరుకున్నవే.

మొదటి కాన్పు కొడుకు. మా అమ్మ మా దగ్గరే ఉండేది గానీ మిరపకాయ కోతల రోజుల్లో పొద్దున పోతే సాయంత్రానికే తిరిగొచ్చేది. నేను బస్టాండు దగ్గర షాపులో ఉండేవాడిని. ఒకరోజు అమ్మ పని తొందరగా తెమిలి మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసరికి, నట్టింట్లో ఉయ్యాలలో బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఎక్కిళ్ళు పెడుతున్నాడట. నా భార్య పెరట్లో బండ మీద గుడ్డలు ఉతుకుతోంది. వీపు ఇంటివైపు ఉంది.

ఆ సాయంత్రం అమ్మ అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేదు.

"ఒరేయ్, శివరాత్రి ఎళ్ళినాక బిడ్డని అచ్చంపేట తీసకపోతా. నీ చెల్లెలు కూడా ఆడ బాలింతేగా. దాని పాలు ఇద్దరికీ సరిపోతయ్. మాటలొచ్చిందాకా ఆడే ఉంటాడు" అంది.

"మాటలొచ్చిందాకానా?"

"మరి? తల్లికి ఇనపడకపోతే బిడ్డకి మాటలు యాణ్ణుంచి వస్తయ్యిరా?"

అమ్మ చెడ్డది కాదు. ఆ బొంగురుపోయిన గొంతు ఆమె చెవుల్లోంచి పోలేదు, అంతే. తల వంచుకుని తిన్నాను. నా భార్య గుంజకి ఆనుకుని మా ఇద్దరి పెదాలూ చూస్తోందని నాకు తెలుసు. తెలిసి కూడా తల ఎత్తలేదు.

మర్నాడు నేను షాపుకి బయల్దేరుతుంటే ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఏడవలేదు.

"మైకులోళ్ళ ఇంటికి ఇచ్చారు గదా నన్ను. ఆ డబ్బాలో లైటు పాటకి ఎలుగుతుందిగా. నా బిడ్డ ఏడిస్తే ఎలగదా?"

"ఏంది?"

"ఆ లైటుని తీసి వంటింట్లో పెట్టు. పెరట్లో ఇంకోటి పెట్టు. ఆ మాత్రం చెయ్యలేవా?"

ఆమె అడిగేదాకా ఆ ఆలోచన నాకు రాలేదు. రోజంతా గొంతుల్ని పెద్దవి చేసి ఊరికి వినిపించేవాడిని. వినపడని మనిషి నా ఇంట్లోనే ఉంటే, ఆ పని ఇంకోరకంగా చెయ్యొచ్చని తోచలేదు.

పాడైన టేపురికార్డరులోంచి గోళీ అంత మైకు తీశాను. దాని వెనక చిన్న యాంప్లిఫయరు కట్టాను. యాంప్లిఫయరు చివర రిలే పెట్టాను. రిలే అంటే, కరెంటు తగలగానే టిక్కుమని తనంతట తనే పడే స్విచ్చి. కరెంటు పోయినా ఆగకుండా లారీ నుంచి దింపిన పాత బ్యాటరీ మీద నడిచేట్టు చేశాను. ప్రభల బల్బులకి పూయగా మిగిలిన ఎర్ర లక్క రంగులో రెండు లారీ బల్బులు ముంచి ఆరబెట్టి, ఒకటి వంటింట్లో పొయ్యికి ఎదురుగా, ఒకటి పెరటి గుమ్మం మీద బిగించాను. మా ఇంటి గోడలు నిలువుగా పాతిన నాపరాళ్ళు. ఉయ్యాల పక్కనున్న రాతికి మైకు పెట్టె గట్టిగా స్క్రూలు వేసి బిగించాను.

మొదటిసారి వాడు ఆకలికి గుక్కపట్టాడు. పెట్టెలో టిక్కుమంది. వంటింట్లో ఎర్రగా వెలుగు పడి, గుమ్మంలోంచి నట్టింటి గోడమీదికి వచ్చింది. నా భార్య చేతిలో గరిటెతోనే వచ్చింది. ఉయ్యాల దగ్గర ఆగి, వాడి నోటివైపు చూసి, గోడమీది వెలుగువైపు చూసి, మళ్ళీ వాడి నోటివైపు చూసింది. వాడు ఊపిరి కోసం ఆగితే లైటు ఆగుతోంది. మళ్ళీ అందుకుంటే మళ్ళీ వెలుగుతోంది. ఆమె వాణ్ణి ఎత్తుకోవడం మర్చిపోయి అట్లాగే నిలబడిపోయింది. కొడుకు గొంతు ఆమెకి చేరడం అదే మొదలు. నా చేతులతో బిగించిందే అయినా, అది నేను చేసినట్టు అనిపించలేదు.

ఆ భయభక్తి రెండు రోజులు కూడా నిలవలేదు. వీధిలో వాళ్ళని పిలిచి చూపించడం మొదలుపెట్టాను. ఉయ్యాల దగ్గర చప్పట్లు కొట్టేవాడిని, వంటింట్లో లైటు వెలిగేది, జనం నోరు తెరిచేవాళ్ళు. నా భార్య గరిటె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉండేది. లైటు వెలిగినప్పుడల్లా అందరూ ఆమె మొహం వైపు చూసేవాళ్ళు. ఒకసారి ఆమె ఉత్త చప్పట్లేనని తెలియక పరుగెత్తుకొస్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత చీమలు పట్టాయి. రిలేలో వెచ్చగా ఉంటుందేమో, నల్లచీమలు దూరి నలిగి, స్విచ్చి కలవకుండా అడ్డం పడ్డాయి. బిడ్డ ఏడ్చినా లైటు రాలేదు. అదృష్టం కొద్దీ అమ్మ ఇంట్లోనే ఉంది. ఉప్పుకాగితంతో గీకి, మైకు జోరు పెంచే మర కాస్త తిప్పి, పెట్టె చుట్టూ చీమలమందు చల్లాను. బ్యాటరీ కొసలకి పచ్చగా పొర కడితే వేడినీళ్ళతో కడిగి గ్రీజు పూశాను. అవి నాకు తెలిసిన జబ్బులు. తెలియని జబ్బు ఆ తర్వాత వచ్చింది.

"మధ్యాన్నం లైటు ఎలిగింది. ఎళ్ళి చూస్తే వాడు నిద్రపోతన్నాడు" అంది నా భార్య ఒక సాయంత్రం. మర్నాడూ అదే మాట. ఆ పై రోజూ అంతే.

మైకు మార్చాను. తీగ మార్చాను. నరసరావుపేట వెళ్ళి కొత్త రిలే తెచ్చాను. అయినా అంతే. అమ్మ మిరపకాయల బుట్ట దించుతూ అంది, "సెబాసు. బిడ్డ ఏడిస్తే ఎలగదు, నిద్రపోతంటే ఎలుగుతది. నీ మిసనీ కూడా మీ ఆవిడ లాంటిదేరా."

నాకు రోషం వచ్చింది. అమ్మ మీద రావాల్సింది, నా భార్య మీద వచ్చింది.

"నువ్వెళ్ళేలోపు వాడు ఏడిచి మానుకున్నాడేమో! ఏడిచాడో లేదో నీకేం తెలుస్తది? నీకు ఇనపడిద్దా?"

ఆమె నా పెదాల మీంచి కళ్ళు తీసేసింది. ఆమెకి మాట వినకుండా ఉండే దారి అదొక్కటే. ఇన్నేళ్ళ తర్వాత కూడా, ఆమె అట్లా కళ్ళు తిప్పుకున్న క్షణం నేను మర్చిపోలేదు.

మూడు పూటల తర్వాత, "రేపు మధ్యాన్నం అన్నానికి ఇంటికి రా" అని మాత్రం అంది.

వెళ్ళాను. బిడ్డ నిద్రపోతున్నాడు. ఆమె నన్ను ఉయ్యాల పక్కన నేలమీద కూర్చోబెట్టింది. నా అరచెయ్యి తీసుకుని మైకు పెట్టె కింద నాపరాతికి ఆనించి, దానిమీద తన చెయ్యి పెట్టి నొక్కి పట్టుకుంది. ఏం జరగబోతోందో నాకు తెలియదు. చల్లటి రాయి. పెరట్లో కోడి గీకుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

ఉన్నట్టుండి రాయి నా చేతికింద వణికింది. పెట్టెలో టిక్కుమంది. లైటు వెలిగింది. బిడ్డ కదల్లేదు.

"తెలిసిందా?" అంది.

"ఏందది?"

"క్వారీలో రాయి పగలేసే తూటాలు. రోజూ ఇదే టయానికి. నాకు అరికాళ్ళలోకి వస్తది." నా మొహంలోకి వింతగా చూసింది. "నీకు ఇనపడలా?"

వినపడలేదు. అప్పుడు చెవి పెట్టి వింటే, ఊరవతల సున్నపురాయి క్వారీ నుంచి చివరి తూటా మోత మెల్లగా సాగుతూ వచ్చింది. పుట్టినప్పటి నుంచీ రోజూ ఆ చప్పుడులోనే పెరిగాను. ఎప్పుడు వినడం మానేశానో నాకే తెలియదు. పక్కింట్లో ఉండే బాబాయి క్వారీలోనే తూటాలు కూరేవాడు. సాయంత్రం ఆయన్ని ఆపి అడిగితే విరగబడి నవ్వాడు.

"ఒరే అబ్బాయ్, మీ తాతప్పటి నుంచి పేలుస్తానే ఉన్నాం గదరా! ఇయ్యాల ఇనపడ్డదా ఏంది?"

"మా ఇంట్లో ఆమె చెప్పింది బాబాయ్."

ఆయన నవ్వు ఆపేశాడు. "ఆ అమ్మాయా?" అని ఒక్క క్షణం మా గుమ్మంవైపు చూసి, "చానా గట్టి చెవులు" అన్నాడు.

చెవులున్న వాళ్ళం, అమ్మా నేనూ, ఆ ఇంట్లో ఎవరం వినని దాన్ని ఆమె రోజూ వింటోంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకు ఇనపడదని నువ్వే అంటివిగా" అంది.

పెట్టెని రాతిమీంచి ఊడదీశాను. సైకిలు ట్యూబు ముక్కలు కోసి, వాటితో ఉయ్యాల దూలానికి వేలాడదీశాను. మైకు వెనక దూది కుక్కాను. మర్నాడు మధ్యాహ్నం రాయి వణికింది గానీ లైటు వెలగలేదు.

అయినా అమ్మ నమ్మలేదు. శివరాత్రి ఇంకా వారం ఉందనగా పనికి పోకుండా ఇంట్లో కూర్చుంది. "ఇయ్యాల పొద్దుగూకేదాకా చూస్తా. ఒక్కసారి ఉత్తపుణ్యానికి ఎలిగితే బిడ్డని నేను ఊరు తీసకపోయేదే" అంది. నేనూ షాపు తెరవలేదు. కిందటిసారిలా తల వంచుకుని ఉండకూడదనుకున్నాను గానీ, ఏం మాట్లాడాలో తెలియక స్క్రూడ్రైవరు పట్టుకుని ఉయ్యాల చుట్టూ తిరిగాను.

పొద్దున వాడు ఆకలికి ఏడ్చాడు. నా భార్య పెరట్లోంచి సబ్బు నురగ చేతులతో వచ్చేసింది. మధ్యాహ్నం తూటాలు పేలాయి, లైటు వెలగలేదు. సాయంత్రం ఎండ కిటికీలోంచి ఉయ్యాల తాళ్ళ మీద పడుతుండగా లైటు టపటపా వెలిగింది. అమ్మ లేచి నిలబడింది. బిడ్డ ఏడవడం లేదు.

నవ్వుతున్నాడు. నేను కట్టిన సైకిలు ట్యూబుకి వేలాడుతూ పెట్టె గాలికి ఊగుతోంది. దాన్ని చూసి కాళ్ళు కొట్టుకుంటూ, కేరింతలు కొడుతూ నవ్వుతున్నాడు. వాడు గొంతు విప్పి అంతగా నవ్వడం అదే మొదటిసారి.

అమ్మ నోరు తెరిచేలోపు సరిచేద్దామని గబగబా స్క్రూడ్రైవరు తీసి, మైకు జోరు తగ్గించే మర మీద పెట్టాను. అంతలోకి నా భార్య వంటింట్లోంచి వచ్చింది. బిడ్డని చూసింది. నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోమాక."

"ఏడుపుకి కాదే, నవ్వుకి ఎలిగింది. తగ్గిస్తే..."

"తెలుసు. పొయ్యి కాడే తెలిసింది. ఏడుపైతే లాగి లాగి ఎలుగుతది. ఇది తుంపులు తుంపులుగా ఎలిగింది." ఆమె గొంతు మామూలు కంటే పైకి లేచింది. ఎంత పైకి లేచిందో ఆమెకి తెలియదు. "ఏడిచినప్పుడే రావాల్నా నేను? నవ్వేది మీరే ఇనాల్నా?"

నా చెయ్యి మర మీదే ఉంది. తీయడానికి సిగ్గేసింది, ఉంచడానికి అంతకంటే సిగ్గేసింది. పాట చూసి ఏడుపో కాదో చెప్పిన మనిషి. అప్పుడే కూర్చుని అడిగి ఉంటే నాకు చాలా తెలిసేది.

"ఒరేయ్, నీ చేతిలో ఇనప ముక్క అవతల పారెయ్" అంది అమ్మ.

అమ్మ ఉయ్యాల దగ్గరికి వచ్చి కొంగుతో కళ్ళు తుడుచుకుని, బిడ్డ మొహం మీదికి వంగి బుగ్గలు పూరించి బుర్రుమనిపించింది. వాడు కిలకిలా నవ్వాడు. "ఏమే, పో! పొయ్యికాడికి పోయి చూడు, ఎలిగిందేమో" అని చేత్తో సైగ చేసింది. నా భార్య వంటింట్లోకి పరుగెత్తింది. అమ్మ మళ్ళీ బుర్రుమంది. వంటింట్లోంచి, ఊరంతా వినపడేంత గట్టిగా, "ఆ! ఎలిగింది! ఇంకోసారి!" అని కేక వచ్చింది.

నేను అటూ ఇటూ కాకుండా నడుమ గుమ్మంలో నిలబడ్డాను. ఒకవైపు చప్పుడు, ఒకవైపు వెలుగు. రెండూ ఒకటేనని ఆ గుమ్మంలోనే అర్థమయింది నాకు.

శివరాత్రికి ప్రభ మీద వేల లైట్లు కట్టి వచ్చాను. అమ్మ అచ్చంపేట వెళ్ళింది, మనవరాలిని చూడటానికి, ఒక్కతే. ఆ తర్వాత ఆ పెట్టెకి బ్యాటరీ నీళ్ళు పోయడం, చీమలు దులపడం, ట్యూబు ముక్క చీకిపోతే మార్చడం వాడు నడిచి వంటింట్లోకి తానే వెళ్ళేదాకా చేస్తూనే ఉన్నాను. ఆ మర మాత్రం ఎప్పుడూ తిప్పలేదు.