రత్నమ్మక్క చివరిదాకా వినేది

మొన్న కడపలో నేను పనిచేసే గ్రంథాలయంలో బీరువా సర్దుతుంటే పాత సీడీ డ్రైవు ఒకటి బయటపడింది. పనిచేస్తుందో లేదో చూద్దామని కంప్యూటరుకు తగిలించి, చేతికందిన సీడీ పెట్టాను. ముందు సన్నగా గొణిగింది. తర్వాత గిర్రున వేగం అందుకుని, ఒకచోట తడబడి, మళ్లీ తిరిగింది. ఆ తడబాటు వినగానే నా చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట కర్నూలులో అలాంటి చప్పుడు వస్తే, "ఉండు శాంతీ, అది ఏదో చెప్తాండాది" అనే మనిషి నా పక్కన ఉండేది. ఆమె పేరు రత్నమ్మ. నేను రత్నమ్మక్క అనేదాన్ని.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పాతికేళ్లు చేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని, ఇంటి ముందుగదిలో చిన్న దుకాణం పెట్టుకుంది. పాత క్యాసెట్లను సీడీలుగా, సీడీలను కంప్యూటరు ఫైళ్లుగా మార్చి ఇచ్చేది. డిగ్రీ అయ్యాక నేను కల్లూరు నుంచి షేర్ ఆటోలో అక్కడికి పనికి వెళ్లేదాన్ని. అక్క కంప్యూటరులో బొమ్మలు, బటన్లు ఏమీ ఉండేవి కావు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో కమాండు కొట్టాలి, జవాబు చదవాలి. ఎక్స్ఛేంజీలో అలాగే కమాండ్లు కొట్టి లైన్లు పరీక్షించిన మనిషి కాబట్టి ఆమెకు అది అలవాటైన పని. నాకు మాత్రం మొదటిరోజే చెమటలు పట్టాయి. ఏం కొట్టినా ఫైలు లేదనే జవాబు వస్తోంది. నేను చెరిపేసి మళ్లీ కొట్టబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"అది నిన్ను తిట్టలేదు మే. ఏం రాసినాదో నిదానంగా సదువు."

చదివాను. పాట పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. యంత్రం మొదటి మాట దగ్గరే ఆగి, ఆ పేరుతో ఫైలు లేదంటోంది. పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టగానే పని జరిగిపోయింది. ఆ రోజుతో తెర మీద వచ్చే తప్పుల జవాబులంటే నాకు భయం పోయింది. మూడు నెలలు తిరిగేసరికి ఆ దుకాణంలో నేను చెయ్యలేని పని లేదనుకునేదాన్ని. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆలూరు వైపు పల్లె నుంచి ఈరమ్మ అనే ఆమె ఒక సీడీ తెచ్చింది. ఆమె తండ్రి పెద్ద తిమ్మప్ప భాగవతార్ తత్వాలు పాడేవాడట. ఎవరో పూనుకుని పది పాటలు రికార్డు చేయించారు. ఆయన పోయాడు. మిగిలింది ఆ ఒక్క సీడీ. పెట్టెలో బట్టల మధ్య దాచినా గీతలు పడ్డాయి.

"నాయన వెనకాల మాయమ్మ కూడా పాడినాదక్కా," అంది ఈరమ్మ. "పోయినేడు పక్షవాతం వచ్చి ఆయమ్మకు మాట పడిపోయింది. ఇంగ ఆయమ్మ గొంతు దీంట్లోనే ఉండాది."

ఆ పాటలను మరో మంచి సీడీలోకి ఎక్కించి ఇవ్వాలి. మా ప్రోగ్రాం సీడీని చదివేటప్పుడు తెర మీద చుక్కలు, గీతలతో చిన్న ముఖం గీసి చూపించేది. చదవడం సాఫీగా సాగితే ఆ ముఖం నవ్వుతుండేది, కష్టపడుతుంటే మారిపోయేది. ఆరు పాటలు నవ్వుతూనే అయ్యాయి. ఏడో పాట దగ్గర ముఖం మారి, ముప్పావు గంటైనా ముందుకు కదల్లేదు. అక్క ఏదో పనిమీద బయటికి వెళ్లింది. ఈరమ్మ బస్సు టైమవుతోందని లేచి నిలబడింది. చదివినదాన్ని సరిచూసుకోవద్దని యంత్రానికి చెప్పే అక్షరం ఒకటుంది. అది చేర్చి కమాండు మళ్లీ కొట్టాను. నాలుగు నిమిషాల్లో పని పూర్తయింది. కొత్త సీడీ, పాత సీడీ ఆమె చేతిలో పెట్టి పంపాను.

అక్క తిరిగొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటరులో ఉన్న పాటలు వింది. ఏడో పాట దగ్గర కళ్లు మూసుకుంది. హెడ్‌ఫోన్ తీసి నా చెవులకు పెట్టింది. తిమ్మప్ప గొంతు ఆగి, భార్య అందుకోవలసిన చోట టకటకమని చప్పుడు, తర్వాత నిశ్శబ్దం.

"ఇచ్చేముందు మొత్తం విన్యావా?"

"లేదక్కా. అయిపోయిందని వచ్చింది."

"యంత్రానికి అయిపోయింది. మనకు కాలేదు." ఆమె గొంతు పెంచలేదు. "బస్టాండుకు పో. బస్సు ఎల్లిపోయింటే వాళ్ల ఊరికన్నా పోయి తెచ్చుకోవాల."

"ఏమని చెప్పాలక్కా?"

"జరిగిందే చెప్పు. తొందరపడి తప్పు చేసినానని చెప్పు. సీడీ మీదికి తొయ్యొద్దు."

ఆటో ఎక్కి వెళ్లేసరికి, ఆలస్యంగా వచ్చిన ఆలూరు బస్సు నిండిపోయి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన ఈరమ్మ. అంతమంది మధ్యలో నిలబడి, మీ అమ్మ పాడిన చరణం రాలేదని, చూసుకోకుండా ఇచ్చింది నేనేనని చెప్పాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. సంచిలోంచి పాత సీడీ తీసి చేతిలోనే పట్టుకుంది. "వస్తాదా మళ్లా?" అని మాత్రం అడిగింది. వస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు. "రత్నమ్మక్క కూర్చుంటాది" అన్నాను. ఇచ్చింది.

అక్క మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు తిన్నగా తుడిచింది. గుండ్రంగా తుడిస్తే గీత ఇంకా పెద్దదవుతుందట. డ్రైవు వేగం బాగా తగ్గించింది. అయినా ఆ చోట ముఖం నవ్వలేదు. ఒక డ్రైవుకు అందని గీత ఇంకొకదానికి అందవచ్చని, తెలిసినవాళ్ల దగ్గర మూడు పాత డ్రైవులు అడిగి తెప్పించింది. మూడో రోజు, మూడో డ్రైవులో ఏడో పాట మొదటినుంచి చివరిదాకా చదివింది. నేను ఎగిరి గంతేయబోయాను. అక్క మాత్రం అదే పాటను రెండోసారి చదివించి, రెండు ఫైళ్లనూ పోల్చే కమాండు కొట్టించింది. తేడా ఉంటే జవాబు వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. ఏమీ రాలేదు. అప్పుడు హెడ్‌ఫోన్ నాకే ఇచ్చింది. సన్నగా, కొంచెం జీరతో, ఈరమ్మ తల్లి సుంకమ్మ గొంతు పాటను అందుకుంది.

ఇక పేర్లు ఎక్కించాలి. ప్లేయరు తెర మీద పాటతోపాటు పాడినవాళ్ల పేరు కనబడాలంటే ఫైలులోనే రాసి పెట్టాలి. అట్ట మీద తిమ్మప్ప పేరొక్కటే ఉంది. అక్క సుంకమ్మ పేరు కూడా చేర్చమంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి తెరిచి చూస్తే, భర్త పేరు పూర్తిగా వచ్చి, సుంకమ్మ పేరులో మొదటి అక్షరం దగ్గరే తెగిపోయింది. మేము వాడేది పాత పద్ధతి, దాంట్లో ముప్పై అక్షరాలకు మించి పట్టవు.

"ఆమె పేరు ఇంకో చోట రాద్దామా అక్కా?" అన్నాను.

"యాడో ఎందుకు? ఆయన పక్కనే పాడినాది. ఆయన పక్కనే ఉండాల."

పొడవైన పేర్లు పట్టే కొత్త పద్ధతికి మారిస్తే ఇంగ్లీషులో సరిపోయింది, తెలుగులో అన్నీ ప్రశ్నార్థకాలు. కంప్యూటరు భాష అమరికలు మార్చి మళ్లీ రాశాం. ఈసారి తెర మీద రెండు పేర్లూ తెలుగులో పక్కపక్కనే నిలబడ్డాయి.

ఈరమ్మ తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. సుంకమ్మ గోడవారగా కుర్చీలో కూర్చుంది. ఏడో పాట పెట్టాం. తన గొంతు వచ్చేసరికి బాగున్న చేత్తో మోకాలి మీద తాళం వేసింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. పాట అయిపోయాక తెర వైపు వేలు చూపించింది. అక్క ఆమె పేరు చదివి వినిపించింది. సుంకమ్మ ఇంకోసారి చదవమన్నట్టు వేలు ఆడించింది. ఈసారి నేను చదివాను.

తర్వాత కొన్నేళ్లకు అందరి చేతుల్లోకీ మెమరీ కార్డులొచ్చాయి. అక్క దుకాణం మూసేసి కమలాపురంలో తమ్ముడింటికి వెళ్లిపోయింది. ఆమె చనిపోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పోయిన నెల మా గ్రంథాలయానికి ఒక హరికథ రికార్డింగు వచ్చింది. కాగితం మీద కథకుడి పేరు, మృదంగం వాయించినాయన పేరు ఉన్నాయి. నేను చివరిదాకా విన్నాను. వెనక ఎవరో హార్మోనియం వాయిస్తున్నారు. నలుగురికి ఫోన్లు చేసి, ఐదో ఫోనులో ఆ వాయించినాయననే పట్టుకున్నాను. పేరు చెప్పి, "నాదీ రాస్తారా అమ్మా?" అన్నాడు. అక్షరాలు తప్పు పడకూడదని, ఇంటిపేరుతో సహా ఇంకోసారి చెప్పమన్నాను.