మరియమ్మ అనబడిన మారెమ్మ

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, యెరూషలేము యాత్ర చేసి వచ్చిన మా ఎదురింటి కోడలు గుడి మెట్ల మీద నిలబడి అందరికీ యొర్దాను నీళ్ల సీసాలు పంచింది. మంచి పిల్ల. నా చేతిలోనూ ఒకటి పెట్టి, కాగితాల పనంతా ఫోన్‌లోనే అయిపోయిందనీ, ఆదోని సంతకు పోయొచ్చినంత సుళువుగా ఉందనీ చెప్పింది. నాకు సంతోషమే కలిగింది గానీ, లోపల ఒక పాత కోపం కూడా లేచి కూర్చుంది. మా అమ్మ ఆ నేల మీద కాలు పెట్టడానికి పడిన తిప్పలు కాగితాల వల్ల వచ్చినవి కావు, ఒక పేరు వల్ల వచ్చినవి. నా ఈడు వాళ్లు, నాలాగే రెండు పేర్ల ఇళ్లలో పుట్టిన వాళ్లు, ఈ మాటతోనే సగం గ్రహిస్తారు.

బనగానపల్లె దగ్గర మా పల్లెలో, మా వాడలో అందరికీ గుడిలో ఒక పేరు, సర్కారు కాగితాల్లో ఒక పేరు ఉండేవి. మా నాన్న గుడిలో దావీదు, రేషన్ కార్డులో దాసన్న. అమ్మ గుడిలో మరియమ్మ, కార్డులో మారెమ్మ. పేర్లు రాసుకున్న కరణానికి చెవుడనీ, మరియమ్మ అని చెబితే గ్రామదేవత పేరనుకుని మారెమ్మ అని రాసేశాడనీ నాన్న చెప్పేవాడు. అది మా ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడల్లా నవ్వుకునే కథ. నేను మిషన్ హాస్టల్లో చదివి, తెలుగు టీచరునై, దీర్ఘం తప్పు రాసిన పిల్లల చేత పదేసి సార్లు దిద్దించే రోజుల్లో కూడా, ఆ కరణాన్ని మనసులోనే బెంచీ ఎక్కించేదాన్ని.

నవ్వుకునే కథే అయినా ఆ పేరంటే నాకు సిగ్గు, సిగ్గు కంటే ఎక్కువ మంట. మామిడి కాలంలో అమ్మ తోటల్లో కాయలు ఏరి, గడ్డి పరిచిన గంపల్లో సర్దే పనికి పోయేది, సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుపోయేది. తోట గలవాళ్ల ఇంట్లో నా అంత పిల్ల, జడ కూడా సరిగా వేసుకోవడం రాని పిల్ల, వసారాలో కూర్చుని మా అమ్మను 'మారీ' అని కేకేసేది. అమ్మ గంప దించి పరుగెత్తేది. అదే అమ్మను ఆదివారం పాస్టరుగారి భార్య మరియమ్మా, రామ్మా అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది. అందుకని నేను చిన్నప్పుడే తీర్మానించుకున్నాను, మరియమ్మ మా అమ్మ, మారి ఎవరో నాకు తెలియదు అని.

అమ్మకు అక్షరం రాదు. కానీ వాక్యం విని విని, బేత్లెహేము, యెరికో, కపెర్నహూము ఆమెకు చుట్టుపక్కల పల్లెలైపోయాయి. యెరికో దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషి సంగతి, నిన్న బేతంచెర్ల దారిలో జరిగినట్టే చెప్పి బాధపడేది. చచ్చేలోగా ఆ ఊళ్లు చూడాలన్నది ఆమె కోరిక. నాన్న పోయిన తర్వాత, కడప నుంచి ఒక జట్టు యాత్రకు పోతున్నదని తెలిసి మా ఇద్దరి పేర్లూ ఇచ్చాను. అప్పటికి అమ్మకు డెబ్బై దాటాయి.

జట్టు నడిపే సంఘపెద్ద, మారెమ్మ అని ఉన్న అమ్మ పాస్‌పోర్టు చూసి మొహం చిట్లించాడు. గుడి రిజిస్టరులో ఒక పేరు, పాస్‌పోర్టులో ఒక పేరు ఉంటే యాత్రకు కావలసిన సిఫారసు ఉత్తరం పాస్టరుగారు ఇవ్వరన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "టీచరమ్మా, పొట్టేళ్లు కొట్టే దేవత పేరు మెడలో ఏసుకోని ప్రభువు పుట్టిన తావుకు యెట్లా పోతాది? పేరన్నా మార్పించు, లేదంటే ఈ తూరికి ఆయమ్మను నిలిపెయ్యి" అన్నాడు. నాకు అందులో తప్పేమీ కనబడలేదు. ఎన్నాళ్ల నుంచో దిద్దాలనుకున్న తప్పే కదా అని, నోటరీ దగ్గరికి పోయి, కరణం పొరపాటున మారెమ్మ అని రాశాడని స్టాంపు కాగితం రాయించి, వేలిముద్ర వేయమని అమ్మ ముందు పెట్టాను.

అమ్మ వేలు ముందుకు చాపలేదు.

"కరణం తప్పు రాయలే పాపా. మా యమ్మ పెట్టిన పేరే అది. నాకు ముందు పుట్టినోళ్లిద్దరూ అమ్మవారు పోసి పోయినారు. నేనన్నా దక్కాలని, కడుపులో ఉన్నప్పుడే మారెమ్మకు మొక్కుకోని పెట్టింది. నన్ను కన్న దినమే ఆయమ్మ సచ్చిపోయింది. ఆయమ్మది నాకాడ ఇంకేం ఉండాది?"

మరి నాన్న చెప్పిన కథ ఏమిటని అడిగాను. పెళ్లికి ముందు బాప్తిస్మమిచ్చి మరియమ్మ అని పెట్టారనీ, పాత పేరు వింటే నలుగురూ ఏమంటారోనని నాన్న ఆ చెవిటి కరణాన్ని పుట్టించాడనీ చెప్పింది. తోటలో మారీ అని పిలిచేవారు కదా, ఆ పేరు నీకెందుకని నేను గట్టిగానే అన్నాను. అమ్మ నా వైపు, నేను క్లాసులో మొద్దు పిల్లను చూసినట్టు చూసింది. "వాళ్లు పిలిచింది మారి. మా యమ్మ పెట్టింది మారెమ్మ. కొసాకు అమ్మ ఉండాది, నువ్వు సదువుకున్నదానివి, నీకు కనపళ్లేదా?"

ఆ రాత కాగితం నేనే చించేశాను. ఇన్నేళ్లు నేనూ ఆ వసారా పిల్ల మాటనే అమ్మ పేరనుకున్నాను.

మరుసటి రోజు ఇద్దరం కడపకు పోయాం. అమ్మే మాట్లాడింది. "సీమోనుకు పేతురని పేరు పెట్టినంక గూడా ప్రభువు ఆయన్ను సీమోనూ అనే పిలిచినాడు గదప్పా. ఆ పేరు పలికితే ఆయన నోరేమన్నా అరిగిపోయిందా?" సంఘపెద్ద పక్క కుర్చీలో ఉన్న ముసలి పాస్టరుగారు ముసిముసిగా నవ్వి, కాగితం దగ్గరికి లాక్కుని, బైబిల్లో పేతురనబడిన సీమోను అని రాసినట్టే, మరియమ్మ అనబడిన మారెమ్మ అని ఉత్తరం రాసి సంతకం పెట్టారు.

అయినా సంఘపెద్ద పంతం విడవలేదు. అందరి మెడలో వేసే బిళ్ల మీద అమ్మకు మరియమ్మ అని మాత్రమే అచ్చు వేయించాడు. యొర్దాను దేశం నుంచి వంతెన దాటి ఇజ్రాయేలులోకి పోయే చోట, గాజు కిటికీ వెనక కూర్చున్న అమ్మాయి బిళ్లనూ పాస్‌పోర్టునూ మార్చి మార్చి చూసి, రెండు పేర్లేమిటి, ఎవరు పెట్టారు అని ఇంగ్లీషులో నిలదీసింది. మా వెనక వరుస మొత్తం ఆగింది. సంఘపెద్ద చెమటలు తుడుచుకుంటూ, రాసినోళ్ల తప్పని చెప్పెయ్యమ్మా అని నా చెవిలో గొణిగాడు. ఆ అబద్ధం చిన్నప్పటి నుంచి నా నాలుక మీదే ఉంది, చెబితే క్షణంలో పనైపోయేది. నేను చెప్పలేదు. అది మా పల్లె దేవత పేరనీ, బిడ్డ బతకాలని కన్నతల్లి పెట్టిందనీ, రెండోది బాప్తిస్మపు పేరనీ, రెండూ ఈమెవేననీ, వరుసలో అందరికీ వినబడేలా చెప్పాను. ఆ అమ్మాయి అమ్మ మొహంలోకి చూసి, వంకరటింకరగా 'మా-రె-మ్మా' అని పిలిచింది. అమ్మ "నేనే" అని తెలుగులోనే చెప్పి, మెడలో బిళ్ల తీసి సంఘపెద్ద చేతిలో పెట్టింది. ముద్ర పడింది.

ఆ పది రోజులూ అమ్మ పేరు తలుచుకుంటే చాలు నాకు గర్వం పొంగుకొచ్చేది. యూదయ కొండలు చూసి అమ్మ, ఇంత దూరం వచ్చి మళ్లీ మన రాళ్లే చూడాలా అని నవ్వింది. యొర్దాను నది చూసి, మన కె.సి. కాలువంత గూడా లేదే అని నిరాశపడి, అంతలోనే చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, అందరి కంటే ముందు దిగింది. నీళ్లలో నిలబడి, పుట్టిన దినమే పోగొట్టుకున్న తల్లి కోసం ప్రార్థన చేసింది. పోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదని సంఘపెద్ద గట్టు మీది నుంచి అంటూనే ఉన్నాడు. అమ్మ ప్రార్థన ముగించే పైకొచ్చింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు మా వాడలో అందరూ బ్లెస్సీలు, షైనీలు. ఆ పిల్లలను వసారాలోంచి సగం పేరుతో కేకేసే ధైర్యం ఎవరికీ లేదు, దానికోసమే కదా మా తరం చదువుకున్నది. కానీ ఆ పేర్లలో ఏ అవ్వ మొక్కూ లేదు, ఎవరి చావూ లేదు, అది తలుచుకుంటే నాకు దిగులేస్తుంది. సమాధుల పండుగనాడు కుర్ర పాస్టరు రిజిస్టరు తెరిచి, పోయినవాళ్ల పేర్లు చదువుతూ ఏటా మరియమ్మ అంటాడు. ఏటా నేను లేచి, మారెమ్మ అంటాను. అతను ఇబ్బందిగా నవ్వి నోటితో దిద్దుకుంటాడు, రిజిస్టరులో దిద్దడు. నా తర్వాత లేచి చెప్పేవాళ్లు లేరని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఈ ఏడు మోకాళ్లు బాగా మొరాయిస్తున్నాయి. ముందు బెంచీ పట్టుకునైనా సరే, లేస్తాను.