డీజిల్ పంపు తిరిగొచ్చిన తొవ్వ

నా చిన్నప్పుడు మా ఊళ్లో ట్రాక్టరు డీజిల్ పంపు పోయి మళ్లీ దొరికిన సంగతిని మా బంధువులు ఇప్పటికీ ప్రతి పెళ్లిలోనూ చెబుతారు. ప్రతిసారీ తప్పే చెబుతారు. మా నాయనమ్మది జాలిగుండె అనీ, దొంగ మీద మనసు కరిగి వదిలేయించిందనీ ఒక వరస. ఆ దొంగ మాకు చుట్టమే అయి ఉంటాడనీ, అందుకే ఆమె నోరు విప్పలేదనీ ఇంకో వరస. మొదటి మాట అనేవాళ్లు మా నాయనమ్మను ఎరగరు. పచ్చికాయ కలిపి కోసిన కూలీని పొద్దుగూకేదాకా సాధించే మనిషి ఆమె. జాలి ఆమెకు అంత తేలిగ్గా పుట్టదు. రెండో మాట అనేవాళ్లకు నేను జవాబు చెప్పను, ఎందుకంటే వాళ్లకు కావలసింది జవాబు కాదు. నేను అక్కడే ఉన్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్నాను. కళ్లు బాగానే కనిపించేవి.

మా ఊరు బూర్గంపాడుకు దగ్గర, గోదారికి ఇవతల. ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క అడవి మొదలు. మా నాయనమ్మ మిరప కోతల ముఠాకు మేస్త్రి. మా ఊరి ఆడవాళ్లూ, గుట్టల మీది గూడేల నుంచి దిగివచ్చే ఆడవాళ్లూ కలిసి ముప్పై నలభై మంది ఆమె మాట మీద పనిచేసేవారు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేది, మిగతా ఆరు రోజులు చేలో ముందు సాలులో నడిచేది.

అప్పట్లో ఊరికంతటికీ ఒకటే ట్రాక్టరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న ఆసామిది. బండి ఆయనదే అయినా పని ఊరందరిదీ. కల్లాల్లో ఎండిన మిర్చిని రోడ్డు మీది లారీ దాకా చేర్చాలంటే అదే దిక్కు. ఆ ఏడాది కోతలు మొదలైన కొత్తలో ఆ ట్రాక్టరు బ్యాటరీ పోయింది. పది రోజులు తిరక్కుండా బోల్టులు విప్పే పానాల డబ్బా పోయింది. అంతకుముందు ఇలాంటివి జరిగితే దొరికినవాడు నలుగురిలో తప్పు ఒప్పుకుని, ఆ ఇంటికి వారం రోజులు ఊరికే పనిచేసి పెట్టేవాడు. ఈసారి పెద్దమనుషులు బడి వరండాలో కూర్చుని ఆ శిక్ష చాలదన్నారు. దొరికితే పోలీసు కేసు. ఆ ఇల్లు మొత్తం ఊరు విడిచిపోవాలి. ఆడైనా మగైనా ఆ ఇంటివాళ్లను ఎవరూ పనికి పిలవకూడదు. తెలిసీ చెప్పని వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అందరూ బాగుందన్నారు. మా నాన్న కూడా అన్నాడు. అబద్ధమెందుకు, నాకూ బాగుందనే అనిపించింది.

ఆ తీర్మానం దెబ్బ మొదట తగిలింది దొంగకు కాదు. గూడేల ఆడవాళ్లు కోతకు రావడం మానేశారు. ఏ వస్తువు పోయినా ముందు చూపు పడేది తమ మీదేనని వాళ్లకు తెలుసు. ఒకరి మీద అనుమానం వస్తే ఇల్లంతా పోయే చోటికి ఎవరొస్తారు? సగం ముఠా లేకుండా పోయింది. పండిన కాయ చెట్టు మీదే ఉండిపోయి రంగు తేలి తాలు అయిపోతుంటే, నిన్న మొన్న బాగుందన్న రైతులే మా గుమ్మం ముందుకొచ్చి మనుషులను తెమ్మని మా నాయనమ్మను అడగడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే డీజిల్ పంపు పోయింది. అది లేకపోతే ట్రాక్టరు ఉత్త ఇనుము. భద్రాచలం నుంచి వచ్చిన మెకానిక్ చూసి, కొత్తది విజయవాడ నుంచి రావాలి, వారం పడుతుందన్నాడు. కోతల కాలంలో చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ట్రాక్టరు ఖాళీగా దొరకదు. పైన మబ్బు పట్టింది. ఎండిన మిర్చి ఒక్క వాన తడిసిందంటే బూజే. మేం కౌలుకు చేసిన ఎకరం పంట కూడా ఆ కల్లాల్లోనే ఉంది. నన్ను తొమ్మిదో తరగతికి భద్రాచలం హాస్టల్లో వేస్తానని మా నాన్న మాటిచ్చింది ఆ ఎకరాన్ని నమ్ముకునే.

పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. శిక్ష ఇంకా పెంచాలనీ, పోలీసులను పిలిచి ఇళ్లు వెతికించాలనీ, ముందు గూడేలతో మొదలుపెట్టాలనీ మాటలు సాగుతున్నాయి. అటువంటి కూటాల్లో ఆడవాళ్లు ప్రహరీ బయట నిలబడి వినాలే తప్ప లోపలికి రారు. మా నాయనమ్మ కొంగు దోపుకుని వరండా ముందుకు వెళ్లి నిలబడింది.

"ఇంకేం పెంచుతరు? ఊరు విడవమంటిరి, పని బందంటిరి. మిగిలింది ఉరే. అది గూడ రాసుకోండ్రి."

ఎవరో నవ్వారు. ఆసామి నవ్వలేదు. "మేస్త్రమ్మా, భయమనేది లేకపోతే రేపు టైర్లు కూడా విప్పుకుపోతారు," అన్నాడు.

"భయం శానా ఉన్నది ఆసామీ. ఉన్నందుకే పంపు రాట్లే. పోయినేడు మీ మోటరు స్టార్టరు పోతే మూడోనాడు గోడ పక్కన పెట్టి పోయిండ్రా లేదా? దొరికినా తిట్లతోటి, వారం చాకిరితోటి పోతదని తెచ్చి పెట్టిండ్రు. ఇప్పుడు తెస్తుంటే దొరికిండనుకోండ్రి, పిల్లా జెల్లా అడవిల పడాలె. అంతకన్న గోదాట్ల పారేసుడు నయం గాదా? అది తిరిగొచ్చే తొవ్వ మీరే మూసిండ్రు."

ఆమెకు వరసకు మరిది అయ్యే పెద్దమనిషి అందుకున్నాడు. "అయితే దొంగకు దండం పెట్టమంటవా వదినా?"

"నువ్వు పెట్టకు. వంగినవంటే మళ్ల నిన్ను లేపనీకె నలుగురు కావాలె. నాకు ఒక్క మాట జెప్పు. నీకు దొంగ కావాల్నా, పంపు కావాల్నా?"

"రెండూ కావాలె."

"రెండిట్ల ఒకటే వస్తది మరిదీ. మబ్బు జూసి చెప్పు."

అందరూ మబ్బు వైపు చూశారు. పంపే కావాలన్నారు.

మా తాతల కాలంలో ఒక పద్ధతి ఉండేదట. వస్తువేదైనా పోతే ప్రతి ఇంటి నుంచీ ఒక గంపెడు పెంట, అంటే పశువుల ఎరువు, పైన గోనెపట్టా కప్పి తెచ్చి ఒకే చోట కుప్ప పోస్తారు. తీసినవాడు దాన్ని తన గంపలో దాచి తెస్తాడు. అన్ని గంపలూ పడ్డాక కుప్ప తిరగేస్తే వస్తువు ఉంటుంది, మనిషి ఉండడు. మా నాయనమ్మ దాన్నే మళ్లీ పట్టుకొచ్చింది. ఇంటికొక ఆడమనిషి గంపతో రావాలి, ఒక్క ఇల్లూ తప్పకూడదు, పెద్దమనుషుల ఇళ్లు కూడా. ఆ మాట దగ్గర ఇద్దరు ముగ్గురు గొణిగారు.

మర్నాడు పొద్దున గంపలన్నీ పడ్డాయి. కుప్ప తిరగేశారు. పెంట తప్ప ఏమీ లేదు. ఊరంతా మా నాయనమ్మ వైపు చూసిన ఆ చూపుకు నేనైతే తల వంచుకున్నాను. ఆమె వంచలేదు. తిన్నగా దారి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు దగ్గరికి నడిచింది. అక్కడ బీడీలు కాలుస్తున్నట్టు కూర్చున్న ఇద్దరు మనుషులను లేపింది. ఎవరి గంప బరువుగా ఉందో, ఎవరి నడక తేడాగా ఉందో చూడమని ఆసామి పెట్టిన మనుషులు వాళ్లు. మొదటి గంప కదలకముందే ఆ సంగతి ఊళ్లో ప్రతి పొయ్యి దగ్గరికీ చేరిపోయిందని మగవాళ్లకు తప్ప అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఆమె ఆసామి వాకిట్లో అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు కనుక చెప్పను. మర్నాటికి మాత్రం కొత్త షరతులు వచ్చాయి. గంపలు పడేదాకా ఊళ్లో మగవాళ్లంతా బడి వరండాలో కూర్చోవాలి, ఆసామితో సహా. ప్రతి ఆడమనిషీ పెంటను నీళ్లతో బాగా తడిపి తేవాలి. గంపను నెత్తి మీది నుంచి దించి కుప్పలో బోర్లించేది మా నాయనమ్మ ఒక్కతే.

తడిపిన పెంట ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుస్తుంది. ప్రతి ఆడమనిషీ మెడ బిగబట్టి వంకరగా నడుస్తూ వచ్చింది. పెద్దమనుషుల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ అంతే. నేను పక్కన నిలబడి అందరి చేతుల మీదా నీళ్లు పోశాను. నాయనమ్మ చేతులనే కనిపెట్టి చూశాను. ఎక్కడైనా ఆగుతాయేమో, ఎవరి ముఖంలోకైనా చూస్తుందేమోనని. ఆగలేదు, చూడలేదు. అన్నీ ఒకే ఊపులో బోర్లించింది. ముఠా అంతటితో ఒకే ధాటిన సాలు నడిపించే మనిషికి అదేం కష్టం.

కుప్ప తిరగేస్తే అడుగున యూరియా సంచి దొరికింది. చుట్టూ పురికొస గట్టిగా చుట్టి ఉంది. లోపల పంపు ఉంది. పెంట చుక్క అంటలేదు. దాన్ని కట్టిన చేతులు అది మళ్లీ పనిచేయాలని కోరుకున్నాయని మెకానిక్ కూడా ఒప్పుకున్నాడు. మధ్యాహ్నానికి ట్రాక్టరు మోగింది. ఆ రాత్రికి కల్లాలు ఖాళీ. ఇంతా చేస్తే ఆ వాన మా ఊళ్లో పడనే లేదు, నది అవతల కురిసి పోయింది. పడలేదు కదా, ఇంత హంగామా ఎందుకన్న మహానుభావులు కూడా ఉన్నారు. ఊరన్నాక ఉంటారు.

ఇంటికి వెళ్లే దారిలో నేను అడిగాను. "నాయనమ్మా, నువ్వే గదా దించింది. ఏ గంప బరువున్నది?"

"అన్నీ బరువే ఉండె బిడ్డా," అంది.

హాస్టలుకు వెళ్లేముందు అడిగాను, డిగ్రీ పాసయ్యాక అడిగాను, ఆమె మంచం పట్టాక దవాఖానాలో కూడా అడిగాను. అదే మాట. తర్వాత దొంగతనాలు జరగలేదా అంటే జరిగాయి. రెండేళ్లకు ఇంకో బ్యాటరీ పోయింది. కానీ ఇల్లు మొత్తం ఊరు విడవాలన్న తీర్మానాన్ని మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పంపు దొరికిన తర్వాతి సోమవారానికే గూడేల ఆడవాళ్లు కోతకు దిగివచ్చారు. వాళ్లను తేవడానికి ఆమె స్వయంగా గుట్ట ఎక్కింది.

ఇప్పుడు నేనుండేది ఖమ్మంలో. మొన్న మా కాలనీలో రెండు బైకుల బ్యాటరీలు, ఒక కారు సైలెన్సరు పోయాయి. బండి సామాన్లు ఎత్తుకుపోయేవాళ్లకు ఏళ్ల తరబడి జైలు వేయాలనీ, బెయిలు ఇవ్వకూడదనీ కాగితం రాసి సంతకానికి తెచ్చారు. ఆ ఏళ్లన్నీ వాణ్ని మేపేదెవరు, వాడి ఇంటివాళ్లకు పని ఇచ్చేదెవరు, శిక్ష అంత పెద్దదైతే చూసినవాళ్లు సాక్ష్యానికి వస్తారా, పోయిన సైలెన్సరు తిరిగొస్తుందా అని అడిగాను. మేడమ్ దొంగల పక్షం అన్నారు. సంతకం పెట్టలేదు. ఆ పూట నాకు మా నాయనమ్మ మనవరాలినన్న గర్వం కలిగింది. ఎవరైనా శిక్ష పెంచుదామంటే, అది మొదట ఎవరి మీద పడుతుందో చూడకుండా తలూపకూడదన్నది ఆమె నాకిచ్చి వెళ్లిన ఆస్తి.

ఒక్కటి మాత్రం తెలుసుకోకుండా పోతానేమో. ఆ పెద్దమనుషుల్లో ఇద్దరు ఇంకా ఉన్నారు, కనిపించినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను, వాళ్లు మాట మారుస్తూనే ఉన్నారు. ఆ పంపు తమ ఇంటి గంపలోనే వచ్చిందని ఆనాడు తేలి ఉంటే, పెళ్లాం పిల్లలతో ఊరు విడిచి వెళ్లేవారా?