ఫెయిలు తిమ్మప్ప

మా తిమ్మప్పన్నకు ఒకటే జబ్బు. డిపార్టుమెంటువాళ్లు ఫోన్లో పెట్టే పరీక్ష ఏదైనా సరే, ఫెయిలవుతాడు. ముప్పై ఏళ్లుగా కరెంటు పని చేస్తున్నాడు, బ్రేకరు పడిన చప్పుడు విని తప్పెక్కడో చెప్పగలడు. అలాంటివాడు నెలనెలా తప్పి, డ్యూటీ మారేటప్పుడు నాకు పెళ్లికబురులా చెబుతాడు: "జమీలూ, మళ్లా పోయిందప్పా!" పర్మనెంటు మనిషి కాబట్టి ఉద్యోగం పోదు, పరువే పోతుంది.

ఒకసారి 'స్తంభం ఎక్కే ముందు ఏం చేయాలి?' అన్న ప్రశ్నకు 'దేవుణ్ణి తలచుకోవాలి' మీద నొక్కాడు. ఇంజనీరు ఫోన్ చేసి ఎగిరిపడ్డాడు.

"ఏమయ్యా, లైన్ క్లియర్ తీసుకోకుండా, కరెంటు ఆపారో లేదో తేల్చుకోకుండా స్తంభం ఎక్కుతావా?"

"నేనెక్కింది ఫోన్లో కదా సార్! దాంట్లో కరెంటు యాడుండాది?"

యాడికి ఊరికి అవతల వేరుశనగ చేల నడుమ మా సబ్‌స్టేషన్. షిఫ్టుకు ఒక్కడే మనిషి. ట్రాన్స్‌ఫార్మర్ హోరు తప్ప మాట వినబడదు. వెనక శిక్షణంటే అనంతపురం పోయేవాళ్లం. నలభైమందిమి, ఎగతాళి, భోజనాలు, ఒకరి కాగితంలోకి ఒకరు తొంగిచూడటం. ఇప్పుడదంతా ఫోన్లోకి వచ్చేసింది. వీడియో చూడాలి, నొక్కాలి, అంతే. అర్థం కాలేదని చెప్పుకోవాలంటే గోడకే చెప్పుకోవాలి. కొన్ని రోజులు నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

నాదేమో అసలైన ఫెయిలు. ఊళ్లకు కరెంటు పోయే ఫీడర్లను మేం ఆ ఊరి పేరుతోనే పిలుస్తాం. పరీక్షలో మా సబ్‌స్టేషన్ బొమ్మే ఇచ్చి అన్నిటికీ నంబర్లు వేస్తారు. మూడో నంబరంటే రాయలచెరువు ఫీడరని తట్టేలోగా టైం అయిపోయేది. రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే కాంట్రాక్టు పొడిగించరు. ఆ సంగతి నా భార్య ఆరీఫాకు చెప్పే ధైర్యం లేకపోయింది.

తప్పినవాళ్లకు అనంతపురం నుంచి రేఖా మేడం నెలనెలా ఫోన్లోనే ముఖాముఖి క్లాసు పెడుతుంది. మొదటిసారి సిగ్గుపడి చేరలేదు, ఈసారి చేరక తప్పలేదు. తిమ్మప్పన్న, నేను, అంతే. ఆయన అడుగడుగునా అడ్డం పడేవాడు.

"మూడో నంబరు తెలీల్యా మేడం, మళ్లా చెప్పండి."

వింతేమిటంటే, నాకు తెలియనిదే ఆయనకూ తెలిసేది కాదు. నేను నోరు తెరిచి సిగ్గుపడే పనే లేకపోయింది. నాలుగో రోజు మేడానికి ఓపిక చచ్చింది.

"తిమ్మప్ప గారూ, ఈ ప్రశ్నలు మాకు రాసిచ్చింది మీరే కదండీ!"

"వయసైపాయ మేడం, మర్చిపోయినా."

మర్నాడు డ్యూటీ మారేటప్పుడు నిలదీశాను. "ఏందన్నా ఇది?"

ఆయన లాగ్‌బుక్ నుంచి తల ఎత్తలేదు. "ఒక్కడే ఫెయిలయితే క్లాసు పెట్టరంట, ఇద్దరుండల్లంట. ఒక్కడివే ఆ ఫోన్ చూస్కుంటా కూచుంటే సదువెట్లొస్తాదప్పా?" పేజీ తిప్పి, "నాకూ ఆ గంటసేపు మనుషుల మాట ఇనపడతాది" అన్నాడు.

ఇన్నాళ్లూ నెలకొకరికి తోడుగా తప్పుతూ వచ్చాడన్నమాట! మేమేమో వెనకాల నవ్వుకున్నాం. నాకు భలే సిగ్గేసింది.

ఆ నెల నేను పాసయ్యాను. పై నెల పక్క సబ్‌స్టేషన్‌కు కొత్తగా వచ్చిన ఎస్తేరు ఒక్కతే తప్పింది. మేమిద్దరం ఇంకా పరీక్ష రాయలేదు. నేను పరుగున పోయి అన్నాను: "అన్నా, ఈసారి నువ్వు పాసవ్వు. ఆయమ్మకు తోడు నేను ఫెయిలైతా."

తిమ్మప్పన్న కళ్లెర్రజేశాడు.

"నిన్నగాక మొన్నొచ్చినోడివి, నాకంటే ముందు నువ్వు ఫెయిలైతావా? దేనికైనా సీనియారిటీ ఉండల్లప్పా!"